నిమ్మలపు బాయి

కవరు మీద డిండి అనే ఉంది.
లోపల మాత్రం సముద్రం.

నలభై పేజీల పుస్తకం:
పోటు, పాటు, సగటు మట్టం, ఇంకేవో.
తీరం ఆఫీసులకు పోవలసింది
ఏ గుమస్తా చెయ్యి జారిందో
దేవరకొండ దాకా వచ్చి, అక్కడినుంచి
తూము గది కిటికీల, నా టిఫిన్ డబ్బా కింద చేరింది.
ఆఖరి పేజీల ఖాళీ గడులు:
'స్థానికంగా వాడే పదాలు రాసి పంపగలరు.'

లష్కర్ ఊశయ్యకు చదివి వినిపించిన.
ఇరవై ఆరేండ్ల సంది పొద్దుగాల ఆరింటికి
గేజీ చూసి అడుగులు, అంగుళాలు చెప్పెటోడు.
నీళ్ళు లేని ఏండ్లల్ల గూడ మెట్లన్ని దిగి
పగిలిన ఒండ్రును ఒకసారి పలకరించి వచ్చి
'నిల్' అని రాయించినోడు.
'నిల్ అంటే ఏం లేదని కాదు మేడం,
నేను పోయి చూసిన్నని.'

డేటమ్, అన్న.
నీళ్ళు ఇంతకన్న దిగవని
అందరు ఒప్పుకున్న గీత.
ఊశయ్య బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నడు.
'ఒప్పుకున్నదెవరు? నీళ్ళనడిగిండ్రా?'
గేజీ సున్న కింద ఇంకో నిలువు లోతు ఉంటదట,
కొర్రమట్టలు అక్కడ నక్కి
కరువు దాటిన సంగతి
ఏ రిజిస్టరుకూ ఎక్కలేదట.

పోటు అన్నప్పుడు ఈదమ్మ నవ్వింది.
సద్దిగిన్నె దించి, నడుం మీద చెయ్యేసి
'ఇది గాదా' అన్నది.
డిండి ఎండిన ఏడు
అచ్చంపేటల గుంపుమేస్త్రి లారీ ఎక్కి
ఎక్కడనో ఓడరేవు కట్టకు రాళ్ళు మోసిందామె.
మా ముగ్గుర్ల సముద్రం చూసింది ఆమె ఒక్కతే.
'అది అచ్చం మేస్త్రి లెక్కనే బిడ్డా.
ఉరుక్కుంట వచ్చి కాళ్ళ కాడ అడ్వాన్సు పెడ్తది,
మల్ల కాళ్ళ కింది ఇసుక తోని సహా గుంజుకపోతది.
అమాసకు, పున్నానికి రాళ్ళ మీదికే ఎక్కుతుండె.
ఆ పూట పని బందు. కూలి గూడ బందు.'

నేను రాసుకున్న:
పోటు, అడ్వాన్సు.
పాటు, గుంజుకపోవుడు.
అమాస పోటు, కూలి లేని దినం.
కొట్టేసిన. మల్ల రాసిన.

పోటుకు పాటుకు నడుమ
కొంచెం సేపు నీళ్ళు ఎటూ పోవట.
దానికో పేరుంది పుస్తకంల.
'ఉంటది' అన్నది ఈదమ్మ.
'గప్పుడే మేము కూసుండి తిన్నది.'

సగటు సముద్ర మట్టం తియ్యాలంటే
పంతొమ్మిదేండ్లు గంట గంటకు చూడాలట,
చంద్రుడు తన దారులన్ని తిరిగి
మొదటికి వచ్చేదాక.
ఆ గీత నుంచే మా కట్ట ఎత్తు,
పాలమూరు స్టేషన్ల పసుపు పలక మీది అంకె,
ఊశయ్య రేకుల ఇంటి గడప ఎత్తు.
'అంటే మనం నిలబడ్డది గూడ
సముద్రం మీదనేనా?' అన్నడు,
తన చెప్పుల దిక్కు చూసుకుంట.

ఇంకొకటి.
అలలు తగలకుండ, గాలికి ఊగకుండ
నీళ్ళల్ల నీళ్ళకే కట్టిన గొట్టం,
అడుగున చిటికెన వేలంత కన్నం.
బయట ఎంత ఆగమున్నా
లోపలి మట్టం మెల్లగ పైకి, మెల్లగ కిందికి.
నేను తర్జుమాకు తడుముకుంటుంటే
ఊశయ్యే అందుకున్నడు: 'నిమ్మలపు బాయి.'
మా దిక్కు, మనిషి ఎదురైతే
మొదలు అడిగే మాట అదే గద,
నిమ్మలంగున్నవా అని.
ఆ ఒక్క గడిల కొట్టివేత లేదు.

ఆఖరికి ఒక పదం మిగిలింది:
లెక్క కట్టిన నీళ్ళకు, వచ్చిన నీళ్ళకు తేడా.
ఈదమ్మను అడిగిన.
గిన్నె కడిగిన నీళ్ళు మెట్ల మీద ఒంపుతున్నది.
'రెండు నెలలది ఇయ్యనే లేదు వాడు'
అన్నది, కట్ట అవతలికి చూసుకుంట.

పొద్దుగాల ఆరింటికి
పదకొండు అడుగుల నాలుగంగుళాలు.
గాలి పడమటిది.
కవరు మీద అడ్రసు మార్చిన.
స్టాంపులకు తక్కువ పడ్డ చిల్లర
ఊశయ్య ఇచ్చిండు.